తలా చిటికెడు

కోనసీమలో మనిషికి మూడు పేర్లుంటాయి. కన్నవాళ్ళు పెట్టింది ఒకటి, బోర్డు మీద రాయించుకున్నది ఒకటి, ఊరు పెట్టింది ఒకటి. మొదటి రెండూ పోస్టుమాను సౌకర్యం కోసం. మనిషి పోయాక కూడా నిలిచేది మూడోదే. ఎవరి తాతగారో ఎప్పుడో సైకిలుతో సహా పంటకాలవలో పడ్డారు. ఆయన మనవడు ఇవాళ కలప అడితీ పెట్టి, రెండంతస్తుల మేడ కట్టి, కారు కూడా కొన్నాడు. అయినా ఇల్లెక్కడని అడిగితే, "మునిగినోరి అబ్బాయిగారిల్లాండీ? అదిగోనండి, ఆయ్" అని చెయ్యెత్తి చూపిస్తారు. ఎంత మర్యాదగా చూపిస్తారంటే, కోపం తెచ్చుకుంటే తప్పు మనదే అవుతుంది.

అమలాపురం కాలవగట్టు వీధిలో పళ్ళ ఆసుపత్రి తెరిచిన డాక్టర్ గంగాధరరావుకి ఆ మూడో పేరు అయిదో నెలలోనే వచ్చేసింది. రెండువేల నాలుగో సంవత్సరం, శ్రావణమాసం. రాజమండ్రిలో మందులు కొనుక్కుని మధ్యాహ్నం బస్సు దిగాడు. బస్టాండు బయట రిక్షా సూరయ్య, దవడ వాచిపోయిన ఓ పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని రిక్షా ఎక్కిస్తున్నాడు.

"పళ్ళాసుపత్రికేనాండీ? పాచి డాక్టరుగారి దగ్గరికా? ఆయ్, ఎక్కండి, నాకు తెలుసు."

గంగాధరరావు మందుల పెట్టె పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. పాచి డాక్టరు! పళ్ళ పాచి గీకి బతికేవాడికి పాచి డాక్టరని పేరా? కళ్ళ డాక్టరుని గుడ్డి డాక్టరుగారంటే ఎవరైనా కన్ను చూపిస్తారా? ఆయన ఆ రోజు రిక్షా ఎక్కలేదు. ఎండలో ఇంటిదాకా నడిచాడు. నడుస్తున్నంతసేపూ బావమరిదిని తిట్టుకున్నాడు.

ఇంతకీ ఆ పేరు ఆయన పళ్ళను బట్టి రాలేదు. ఆసుపత్రి హాల్లో ఉన్న చేపల తొట్టిని బట్టి వచ్చింది.

ఆయన భార్య మాధురికి ఒక్కడే తమ్ముడు, నాగబాబు. బహ్రెయిన్‌లో ఒక పెద్ద హోటల్లో ఉద్యోగం. ఆ హోటల్ ముందు హాల్లో గోడంత ఉప్పునీళ్ళ తొట్టి ఉంటుందట, దాన్ని చూసుకోవడమే అతని పని. బావగారు ఆసుపత్రి తెరుస్తున్నారని తెలిసి రెండు నెలల సెలవు మీద వచ్చాడు. వచ్చినవాడు గోడగడియారమో, దేవుడి పటమో ఇచ్చి ఊరుకోకుండా, నాలుగడుగుల తొట్టి చేయించాడు. మద్రాసు వెళ్ళి ఉప్పు ప్యాకెట్లు, సముద్రపు రాళ్ళు, నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు, నీలంది ఒకటి తెచ్చాడు. ఊళ్ళో అదో వింత. "ఓడలరేవులో సముద్రం పెట్టుకుని మెడ్రాసు నుంచి ఉప్పు తెచ్చేరంటండి" అని ఒకరికొకరు చెప్పుకుని మరీ చూడ్డానికి వచ్చారు. మన సముద్రంలో గోదారి బురద కలుస్తుందనీ, ఆ నీళ్ళు ఈ చేపలకి పనికిరావనీ నాగబాబు ఓపిగ్గా అందరికీ చెప్పాడు. అందరూ "ఆయ్" అన్నారు. ఎవరూ నమ్మలేదు.

వెళ్ళేముందు నాగబాబు బావగారిని కూర్చోబెట్టి నాలుగు ముక్కలు చెప్పాడు. లైటు ఎనిమిది గంటలు. కిటికీ ఎండ పడకూడదు. నీళ్ళు తగ్గితే మంచినీళ్ళు కలపాలి, ఎందుకంటే ఎండకి పోయేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. ఇక మేత.

"రోజుకి ఒక్క చిటికెడు, బావగారూ. అంతకి మించి పడకూడదు. కొత్త తొట్టి, జాగర్త."

"చిటికెడే వేస్తాలేవయ్యా" అన్నాడు గంగాధరరావు.

మూడో వారంలో ఇసక మీద కాఫీపొడి చల్లినట్టు గోధుమరంగు దుమ్ము పట్టింది. శుక్రవారం నాగబాబుకి సెలవు, ఆ రోజు ఫోన్ చేస్తాడు. చేసినప్పుడు అడిగితే, "కొత్త తొట్టికి మొదట అలాగే వస్తుంది బావగారూ, అదే పోతుంది" అన్నాడు. నిజంగానే పోయింది. పోయి, దాని స్థానంలో పచ్చది వచ్చింది. మొదట రాళ్ళ మీద గడ్డంలా మొలిచింది. తరవాత అద్దాలకి ఎక్కింది. ఆపైన నీళ్ళలో వేళ్ళాడుతూ, ఊగుతూ, చూసేవాళ్ళకి కడుపులో తిప్పేటంత వరకూ పెరిగింది.

గంగాధరరావు ఊరుకునే మనిషి కాదు. పళ్ళ మీద గార ఎంత మొండిదైనా గీకి పారేసే చెయ్యి అది. పొద్దున్నే ఆరింటికి లేచి, కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన టూత్‌బ్రష్షులు కట్టలు కట్టలు తీసుకుని తొట్టి తోమేవాడు. మోచెయ్యి దాకా ఉప్పునీళ్ళలో ముంచి రాయి రాయికీ తోమేవాడు. పదింటికి ఆసుపత్రి తెరిచేసరికి తొట్టి కొత్త పెళ్ళికూతురులా ఉండేది. మూడు రోజులు తిరక్కుండా మళ్ళీ పచ్చబడేది. కిటికీకి మందపాటి కర్టెన్ కట్టించాడు. ట్యూబులైటు మార్పించాడు. పంపునీళ్ళ మీద అనుమానం వచ్చి, కాచి చల్లార్చిన నీళ్ళు పోశాడు. పసిపిల్లకి కూడా ఎవరూ అంత చెయ్యరు. అది మాత్రం చక్కగా తాగి, మరింత ఒత్తుగా పెరిగింది.

ఊరి సలహాలు వేరే ఉన్నాయి. మలికిపురం అవతల రొయ్యల చెరువులున్న బాపిరాజుగారు రూట్ కెనాల్ కోసం నాలుగుసార్లు తిరిగారు. తిరిగినప్పుడల్లా తొట్టి ముందు నిలబడి మురిసిపోయేవారు.

"అబ్బబ్బ, ఏం రంగు కట్టిందండీ డాక్టరుగారూ! ఈ రంగు కోసం మేం చెరువుల్లో బస్తాలకి బస్తాలు యూరియా గుమ్మరిస్తామండి. అయినా రాదండి. నీళ్ళకి రంగొస్తేనే రొయ్య ఎదిగేది, ఆయ్. మీ చెయ్యి మంచిదండి."

"రాజుగారూ, నాకు రంగు అక్కర్లేదండీ. అది పోవాలి."

"పోవాలా!" అని ఆయన డాక్టరు వంక జాలిగా చూశారు. వరి పండిందని ఏడ్చే రైతుని చూసినట్టు చూశారు.

మరొకాయన మైలుతుత్తం వెయ్యమన్నాడు. దెబ్బకి పాచి చస్తుందని హామీ ఇచ్చాడు. చేపల సంగతేమిటని అడిగితే, ఆ సంగతి తను ఆలోచించలేదన్నాడు.

అన్నిటికన్నా పెద్ద ద్రోహం తెలుగుభాష చేసింది. తొట్టిలో పట్టేదీ పాచే, పళ్ళ మీద పట్టేదీ పాచే. ఆయన తొట్టి చూసినవాళ్ళందరికీ పనిగట్టుకుని, "దీన్ని నాచు అంటారండీ, నాచు" అని చెప్పి చూశాడు. "ఆయ్, నాచేనండి" అని మర్యాదగా ఒప్పుకునేవారు. గుమ్మం దాటగానే పాచి అనేవారు. రిటైరైన హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు పళ్ళ గార తీయించుకోవడానికి వచ్చారు. ఆయన ఎక్కడ పన్ను చూపిస్తే ఆ పక్క నలభై ఇళ్ళూ అక్కడే చూపిస్తాయి. ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని కళ్ళజోడు సవరించుకున్నారు. తొట్టివైపు చూశారు, గోడమీదున్న 'దంతధావనం ఎలా?' అన్న బొమ్మ చూశారు, మళ్ళీ తొట్టి చూశారు.

"చాలా పచ్చగా ఉందండీ. కళ్ళకి చలవ" అన్నారు. "ఇవాళ కొంచెం పనుందండి. మళ్ళీ వస్తానండి."

మళ్ళీ రాలేదు. రాజమండ్రి వెళ్ళి గార తీయించుకున్నారని తరవాత తెలిసింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది గంగాధరరావు పని. రోజంతా నోట్లో పాచి ఉండకూడదని ఊరికి పాఠాలు చెప్పడం, చెబుతున్న గదికి పక్క గదిలోనే నాలుగడుగుల పాచి ఊగుతూ ఉండడం. అయిదు నెలల నుంచి కష్టపడి మంచిపేరు తెచ్చుకుంటుంటే, ఆ పేరు ఇలా పచ్చగా కుళ్ళిపోతోంది. ఇవాళ హెడ్మాస్టరు వెళ్ళారు, రేపు ఆయన వెనకే నలభై ఇళ్ళూ వెళతాయి. ఆ తరవాత ఈ ఊళ్ళో పన్నునొప్పి వచ్చినవాడు కొబ్బరిచెట్టుకైనా చూపిస్తాడు గానీ తనకి చూపించడు.

సూరయ్య మాట విన్న రోజు ఇంటికి రాగానే ఆయన తేల్చి చెప్పేశాడు. "మాధురీ, ఆ తొట్టి తీసి పారేస్తున్నాను."

మాధురి కూర తరుగుతోంది. కత్తిపీట మీద నుంచి లేవకుండానే అడిగింది. "మా తమ్ముడు ప్రేమగా ఇచ్చింది పారేస్తారా?"

"వాడి ప్రేమ నా పేరుకి పాచి పట్టించింది."

"మీరు సరిగ్గా చూసుకోక వాడినంటారేంటండీ? బహ్రెయిన్‌లో గోడంత తొట్టి వాడు అద్దంలా ఉంచుతున్నాడు. మీరు నాలుగడుగులది ఉంచలేరా? వచ్చే ఆదివారం దాకా చూడండి. అప్పటికీ లొంగకపోతే మీ ఇష్టం."

ఆ శుక్రవారం ఫోన్‌లో నాగబాబు ఎప్పుడూ అడిగేదే అడిగాడు. "మేత ఎంత వేస్తున్నారు బావగారూ?"

"చిటికెడే! ఎన్నిసార్లు చెప్పాలి? చిటికెడే!" అని అరిచాడు గంగాధరరావు. అబద్ధం కాదు. ఆయన మనసులో అది అక్షరాలా నిజం.

నిజం చెప్పాలంటే ఆ చేపలంటే ఆయనకి ప్రాణం. పళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరూ సంతోషంగా రారు. పిల్లలు ఆయన్ని చూడగానే తల్లి కొంగు చాటున దూరుతారు. పెద్దలు మర్యాదకి కూర్చుంటారు గానీ, "నోరు తెరవండి" అంటే పెదవులు బిగిస్తారు. తెరవండి, ఇంకాస్త తెరవండి, ఏం చెయ్యనండీ, తెరవండి. రోజంతా ఇదే బతిమాలడం. పన్ను పీకిన ప్రతిసారీ చేతులు కడుక్కుని, ఒక్క నిమిషం హాల్లోకి వచ్చి తొట్టి ముందు నిలబడడం ఆయనకి అలవాటు. ఆయన నీడ పడగానే రెండు నారింజ చేపలూ అద్దం దగ్గరకి పరుగెత్తుకొచ్చి, ఒకదాన్ని మించి ఒకటి నోళ్ళు తెరిచేవి. అడక్కుండా నోరు తెరిచేవి ఈ ఊళ్ళో అవి రెండే. ఆయన మనసు చల్లబడేది. మూత మీదున్న డబ్బాలోంచి చిటికెడు మేత వదిలి, లోపలికి పోయి తరవాతి మనిషిని పిలిచేవాడు.

శనివారం వచ్చింది. గడువు రేపటితో సరి. ఆ పూట ఆసుపత్రి కిక్కిరిసింది. చీటీలు రాసి, పేషెంట్లని వరసలో కూర్చోబెట్టే సత్యదుర్గ గొంతు పొద్దుటి నుంచి వినిపిస్తూనే ఉంది. పొద్దున మొదటి బస్సుకే అప్పనపల్లి నుంచి వీరాయమ్మ వచ్చి కూర్చుంది. డెబ్భై దాటిన మనిషి. ఆమెకి మిగిలిన ఒక్క పన్నూ తీసేస్తే కట్టుడుపళ్ళు పెట్టవచ్చు. మూడుసార్లు వచ్చి మూడుసార్లూ వెళ్ళిపోయింది. తన వంతు వచ్చినప్పుడల్లా "మీరెళ్ళండమ్మా, నాకేం తొందర?" అని పక్కవాళ్ళకి ఇచ్చేస్తుంది. అందరూ ఆమె మంచితనం మెచ్చుకుంటారు. అది మంచితనం కాదు, భయం. ఆ రోజు మాత్రం మధ్యాహ్నానికి హాల్లో అందరి పళ్ళూ అయిపోయి, కొత్త బ్యాచి ఇంకా సర్దుకోకముందే సత్యదుర్గ ఆమెని రెక్క పట్టుకుని లోపలికి తోసింది.

"మామ్మగారూ, భయపడకండి. మత్తు ఇంజక్షనిస్తాను, పదినిమిషాల్లో మొద్దుబారుతుంది" అన్నాడు గంగాధరరావు. ఇంజక్షన్ ఇచ్చాక, అలవాటు కొద్దీ పాఠం మొదలుపెట్టాడు. "మీరు రోజుకి మూడుసార్లు తోముకుంటున్నానంటారు. అయినా ఈ గతి ఎందుకొచ్చింది? తోమడం కాదండీ గొప్ప. చిరుతిళ్ళు తింటూ ఉంటే, తిన్నది నోట్లో నిలవుంటే, ఎంత తోమినా పాచి పడుతూనే ఉంటుంది. తిండి ఆపాలి గానీ బ్రష్షు అరగదీస్తే ఏం లాభం?"

వీరాయమ్మ బుగ్గ పట్టుకుని తలూపింది. హాల్లో కూర్చుని విన్నవి కలుపుకుంటే, ఈ పాఠం ఆమె వినడం ఇది నాలుగోసారి.

ఆ పదినిమిషాలూ ఆయన ఎప్పుడూ లోపలే పనిముట్లు సర్దుకునేవాడు. ఆ రోజు రేపటి తొట్టి గొడవ మనసులో తిరుగుతూండడంతో, ఊరికే గుమ్మానికున్న కర్టెన్ పక్కకి కొంచెం జరిపి హాల్లోకి చూశాడు.

చూసి కొయ్యబారిపోయాడు.

రాజోలు నుంచి వచ్చిన సువర్ణ టీచరు సంచిలోంచి రస్కు తీసింది. పన్నునొప్పికి తాను కొరకలేదు కాబట్టి, చిన్న ముక్క విరిచి, తొట్టి మూత ఎత్తి లోపల వేసింది. వేసి, చేపలతో "తినండమ్మా" అంది. ఆమె పక్కన కూర్చున్నాయన జంతిక నలిపి ఆ పొడి రాల్చాడు. బాపిరాజుగారు పై జేబులోంచి పొట్లం తీసి, రొయ్యల మేత నాలుగు బిళ్ళలు చప్పుడు కాకుండా వదిలి, పక్కాయనతో "మా చెరువుల్లోదండి, ఫస్టు రకం" అన్నారు. సత్యదుర్గ చీటీలు రాయడం ఆపి, డబ్బా తెరిచి తన వంతు తాను వేసింది. ఇంతలో వెనక గుమ్మంలోంచి మాధురి మజ్జిగ గ్లాసుతో వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి, "పాపం, అన్నం టైమయింది వీటికి" అని, ఒక చిటికెడు.

గంగాధరరావుకి నెత్తురు నెత్తికెక్కింది. కర్టెన్ ఊడిపోయేలా లాగి బయటికొచ్చాడు.

"ఏం చేస్తున్నారు మీరంతా?"

సువర్ణ టీచరు లేచి నిలబడింది. పాతికేళ్ళు పిల్లల్ని అలా నిలబెట్టిన మనిషి.

"ఒక్క చిన్న ముక్కేనండి. మనం తినలేకపోతున్నాం, అవైనా తింటాయని."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వచ్చినప్పుడల్లానండి. చూస్తూ ఎలా కూర్చుంటామండి? పాపం, అవి మనవైపే చూసి నోరు తెరుస్తాయి కదండీ. పెట్టకపోతే బాగోదండి."

"బాగోదా! చేపలకి మర్యాద చేస్తున్నారా? రాజుగారూ, మీరు చదువుకున్నవారు, మీరేంటండీ?"

"నేనేం ఎక్కువెయ్యలేదండి" అన్నారు బాపిరాజుగారు నొచ్చుకుంటూ. "చిటికెడేనండి. ఊరికే, రంగు నిలబడ్డానికండి."

"దుర్గా, నువ్వు?"

"నేను మీకోసమే వేసేనండి డాక్టరుగారూ. మీరు పనిలో ఉండి మరిచిపోతారేమోనని. అదీ ఒక్క చిటికెడేనండి."

ఆయన మాధురి వైపు తిరిగాడు. ఆవిడ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఆ చెయ్యి చూసేసరికి ఆయనకి మిగిలిన ఓపిక కూడా చచ్చిపోయింది.

"తిలాపాపం తలా పిడికెడు అని విన్నాను. ఇక్కడ తలా చిటికెడు! ఒక్కరూ ఎక్కువెయ్యలేదు, అందరూ మర్యాదస్తులే! నాలుగు నెలలుగా నేను పొద్దున్నే లేచి, వేళ్ళు నానిపోయేలా తోముతున్నాను. కర్టెన్లు కట్టాను, నీళ్ళు కాచి పోశాను. ఊరంతా నన్ను పాచి డాక్టరంటోంది. హెడ్మాస్టరుగారు రాజమండ్రి పోయారు. అదంతా మీరు పెట్టిన రస్కండీ! మీ జంతికండీ! నా పేరు మీరు చిటికెడు చిటికెడు చొప్పున నీళ్ళలో కలిపేశారు!"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ తల ఎత్తలేదు. జంతిక నలిపినాయన మిగిలిన ముక్కని మెల్లిగా జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి ఎవరో ఆయన చొక్కా పట్టుకుని లాగారు. వీరాయమ్మ. సగం మొహం మొద్దుబారిపోయి, పెదవి ఒక పక్కకి జారి, మాట ముద్దముద్దగా వస్తోంది. అయినా స్పష్టంగానే వినిపించింది.

"మరి తవరో బాబూ?"

"నేనేంటండీ?"

"నేను పొద్దున్నించీ ఇక్కడే కూకున్నానండి. ఎవరేటి చేసేరో చూస్తానే ఉన్నాను. ఆ పిలక పంతులుగారి పన్ను పీకేరు, బయటికొచ్చి ఓ చిటికెడేసేరు. ఆ రంగుచీరమ్మాయిది పీకేరు, వచ్చి ఓ చిటికెడేసేరు. మీరు ఎన్ని పళ్ళు పీకితే అన్ని చిటికెళ్ళండి బాబూ. మొన్న వచ్చినప్పుడూ అంతే, అటు మొన్నా అంతే. ఈల్లంతా వచ్చిన పూటే కదండీ యేసింది. తవరు రోజూ యేస్తన్నారు."

ఆయన నోరు తెరిచాడు.

"ఇందాకే చెప్పేరు కదండీ నాకు," అంది వీరాయమ్మ, బుగ్గ చేత్తో పట్టుకుని. "తోమడం కాదు గొప్ప, చిరుతిళ్ళు ఆపాలి అన్నారు. ఆ మాట దానిక్కూడా చెల్లుద్దేమోనండి. నాకు తెలీదు, అడుగుతన్నాను."

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకుని బతికిపోయేవాడు. గంగాధరరావు సత్యదుర్గ వైపు చూశాడు. ఆమె ఆయన అడక్కముందే చీటీల వంక చూసి, చిన్న గొంతుతో చెప్పింది. "పొద్దుటి నుంచి పీకినవి తొమ్మిదండి."

ఆయనకి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవులు వేడెక్కే సిగ్గు. రోజుకొక్క చిటికెడు అని శుక్రవారం శుక్రవారం ప్రమాణం చేసి చెప్పాడు. రోజుకొక్కటి కాదు, మనిషికొక్కటి. ఎన్నడూ లెక్కలోకి రాలేదు. అవి నోరు తెరిచినప్పుడల్లా తనకి అది మొదటిసారిలాగే అనిపించింది. ఇన్నాళ్ళూ ఎవరి పాచి ఎవరు తోముతున్నారు?

"రండి మామ్మగారూ" అన్నాడు చివరికి. "మత్తు దిగిపోకముందే తీసేద్దాం."

పన్ను చటుక్కున వచ్చేసింది. ఆమె "అయిపోయిందా!" అని ఆశ్చర్యపోయింది. చేతులు కడుక్కుని ఆయన అలవాటుగా కర్టెన్ దగ్గరికి వచ్చి, అక్కడే ఆగిపోయాడు.

ఆదివారం తొట్టి తీసెయ్యలేదు. మేత డబ్బా మాత్రం మేడమీద వాళ్ళుండే వాటాలోకి వెళ్ళి, వంటింట్లో ఆవకాయ జాడీ పక్కన చేరింది. పొద్దున్నే మాధురి ఒక్కత్తే దిగి, ఒక్క చిటికెడు వేసి వెళ్ళేది. మూతకి తాడు కట్టారు. అలవాటైన పేషెంట్లు నొచ్చుకున్నారు. "చేపకో ముక్క పెట్టనివ్వడండీ, మనిషి మంచాడే గానీ చెయ్యి దగ్గరండి" అని బయట చెప్పుకున్నారు. ఆ మాటా ఆయన విన్నాడు. పాచి కన్నా ఇది నయమనుకున్నాడు.

పాచి ఒక్కరోజులో చావలేదు. మొదటి రెండు వారాలూ ఏమీ కాలేదు, ఆయన పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాడు. తరవాత ఒత్తు తగ్గింది. ఆపైన వెలవెలబోయి, వేళ్ళతో లాగితే చేతికి ఊడి రావడం మొదలుపెట్టింది. ఒకే ఒక్క టూత్‌బ్రష్షుతో ఒకే ఒక్క పొద్దున తోమితే, మళ్ళీ తోమే అవసరం రాలేదు. బాపిరాజుగారు పన్ను మీద టోపీ వేయించుకోవడానికి వచ్చి, తొట్టి చూసి గతుక్కుమన్నారు.

"అయ్యో, రంగు విరిగిపోయిందేంటండీ! ఎంత బాగా కట్టిందో. బాధపడకండి, ఒక్కోసారి మాకూ అవుద్దండి" అని ఓదార్చారు.

నలభై రోజులకి వీరాయమ్మ చిగుళ్ళు మానాయి. కట్టుడుపళ్ళు పెట్టి, చేతిఅద్దం ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. గబగబా హాల్లోకి నడిచి, తొట్టి ముందు నిలబడి, తొట్టి అద్దంలోనే నోరు తెరిచి చూసుకుంది. లోపల రెండు నారింజ చేపలు పరుగెత్తుకొచ్చి ఆమెకి ఎదురుగా నోళ్ళు తెరిచాయి. "నావే బాగున్నాయండి, ఈటికి పళ్ళే లేవు" అని నవ్వింది. అప్పుడే లోపలికి వస్తున్న హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు గుమ్మంలోనే ఆగి, ఆ నవ్వు చూశారు, తొట్టి చూశారు. సత్యదుర్గ దగ్గర చీటీ రాయించుకుని వరసలో కూర్చున్నారు.

వీరాయమ్మని రిక్షా ఎక్కిస్తుంటే గంగాధరరావు సూరయ్యని అడిగేశాడు. "తొట్టి శుభ్రంగా ఉంది కదయ్యా. ఇంకా ఆ పేరేంటి?"

"పాచి పోగొట్టేరు కాబట్టేనండి, పాచి డాక్టరుగారంటన్నాను. ఆయ్" అన్నాడు సూరయ్య. "ముందెందుకన్నానో మర్చిపోయేనండి."

ఆ పేరు ఇక పోదని ఆయనకి అర్థమైంది. పోకపోతే పోకపోయింది. లోపలికి వచ్చి హెడ్మాస్టరుగారి కన్నా ముందు వరసలో ఉన్న కుర్రవాడి పన్ను పీకాడు. చేతులు కడుక్కున్నాడు. కాళ్ళు వాటంతట అవే హాల్లోకి తీసుకొచ్చాయి. నీడ పడగానే నారింజ చేపలు రెండూ అద్దం దగ్గరకొచ్చి, అంత నమ్మకంగా, అంత ఆశగా నోళ్ళు తెరిచాయి. ఆయన చెయ్యి మూత మీదికి వెళ్ళింది. డబ్బా లేదు. ఎవరి నోరైనా తెరిపించడానికే చదువుకున్న మనిషి, జన్మలో మొదటిసారి గట్టిగా, విసుగ్గా, ప్రేమగా ఆ మాట అన్నాడు.

"నోరు ముయ్యండి!"

చేపలు ముయ్యలేదు. హాల్లో వరసలో కూర్చున్న అయిదుగురూ, హెడ్మాస్టరుగారితో సహా, ఠక్కున నోళ్ళు మూసుకున్నారు.